1903 నాటి యుద్ధ కథకు తెలుగు కామిక్: యంత్రం బాగా వస్తోంది, మనిషి రావట్లేదు

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. శానా రోజులుగా మీరు రాసేవి చదువుతున్నాను గానీ నేను రాయడం ఇదే మొదలు. నాది కర్నూలు, కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేస్తాను. పగలంతా పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి ఫ్లెక్సీలు, రాత్రి ఇంటికి పోయి తిన్నాక నా సొంత బొమ్మలు. పోయిన ఉగాది నుంచి ఒక పని పెట్టుకున్నాను. హెచ్.జి. వెల్స్ రాసిన ‘ద ల్యాండ్ ఐరన్‌క్లాడ్స్’ కథను తెలుగు కామిక్‌గా గీస్తున్నాను. 1903 డిసెంబరులో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చింది. చదవని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను.

రెండు సైన్యాలు కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చుంటాయి, ముందుకు పోలేవు, వెనక్కి రాలేవు. ఒకవైపు గుర్రాల మీద, పొలాల్లో పెరిగిన గట్టి మనుషులు. రెండోవైపు పట్నం వాళ్లు, గుమాస్తాలు, ఫ్యాక్టరీ పనివాళ్లు, చదువుకున్న పిల్లలు. పల్లె సైన్యంతో పాటు ఒక పత్రికా విలేకరి ఉంటాడు, కథ ఎక్కువగా అతని కళ్లతోనే చూస్తాం. పట్నం వాళ్లకు యుద్ధం చేతకాదని పల్లె సైన్యంలోని కుర్ర లెఫ్టినెంటు గట్టిగా నమ్ముతాడు. ఒక తెల్లవారుజామున మసక వెలుతురులో 80 నుంచి 100 అడుగుల పొడవున్న ఇనుప యంత్రాలు కందకాల మీదికి పాక్కుంటూ వస్తాయి. అప్పటికి లోకంలో ట్యాంకు అనేదే లేదు. నిజమైన ట్యాంకులు మొదటిసారి యుద్ధంలోకి దిగింది 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర. కథ వచ్చిన పదమూడేళ్లకు.

మొత్తం 32 పేజీలు అనుకున్నాను, 9 పూర్తయ్యాయి, కింద పెట్టాను చూడండి. నా బాధ ఏమిటంటే, యంత్రం బ్రహ్మాండంగా వచ్చింది, గీస్తుంటే రాత్రి రెండైనా తెలియట్లేదు. మనుషులు మాత్రం అందరూ ఒకే మొహం, ఒకే మీసం. మా షాపులో అన్నకు చూపిస్తే ‘బొమ్మలు బాగున్నాయి కానీ ఎవరు గెలిస్తే మనకేమి’ అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండు వారాలుగా పెన్సిలు ముట్టలేదు. యుద్ధం, సైన్స్ ఫిక్షన్ కలిసిన కథల్ని కామిక్‌గా బాగా చేసినవి ఏవి, వాళ్లు మనిషిని ఎట్లా పట్టుకున్నారు, చదివిన వాళ్లు చెప్పండి.

గుత్తి_జంక్షన్

యంత్రం సూపర్ అన్నా. నాలుగో పేజీ వాల్‌పేపర్ పెట్టుకున్నా.

పెన్న_ఇసుక (తాడిపత్రి)

తమ్ముడూ, నువ్వు ముందు చూడాల్సింది ‘ద ఫరెవర్ వార్’ కామిక్. జో హాల్డెమన్ నవల, 1974లో పుస్తకంగా వచ్చింది, సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ గెలిచింది. దాన్ని బెల్జియం చిత్రకారుడు మార్వానో 1988, 89లో మూడు ఆల్బమ్‌లుగా గీశాడు. 2017లో టైటన్ వాళ్లు ఇంగ్లీషులో మళ్లీ వేశారు, నేను చదివింది అదే. స్క్రిప్టు నవలాకారుడే దగ్గరుండి చేసుకున్నాడు, అందుకే కథ ఎక్కడా చెడలేదు.

అందులో సైనికులు వెలుతురు వేగానికి దగ్గరగా ప్రయాణం చేస్తారు. వాళ్లకు కొన్ని నెలలు గడిస్తే భూమ్మీద పదులు, వందల ఏళ్లు గడిచిపోతాయి. యుద్ధం వందల ఏళ్లు సాగుతుంది, హీరో మాండెల్లా మాత్రం చివరికీ యువకుడే. నవలలో దీన్ని పేరాలు పేరాలు వివరించాలి. కామిక్‌లో ఒక ప్యానెల్‌కు, అంటే ఒక బొమ్మ గడికి, పక్క ప్యానెల్‌కు మధ్య తెల్ల ఖాళీ ఉంటుంది చూడు, వందేళ్లు ఆ ఖాళీలో పడిపోతాయి. ఇంటికొచ్చిన కొడుకు, ముసలిదైన తల్లి, రెండే ప్యానెళ్లు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు మా పెరట్లోకి పోయి నిలబడ్డాను. మా మేనమామ పనికని మస్కట్ పోయి పదకొండేళ్లకు తిరిగొచ్చినప్పుడు మా అవ్వ అతని చెయ్యి పట్టుకుని ‘ఎవరు నాయనా’ అని అడిగింది, అదే గుర్తొచ్చింది.

హాల్డెమన్ వియత్నాం యుద్ధంలో ఉన్నాడు. 1967లో ప్రభుత్వం సైన్యంలోకి పిలిచింది, అక్కడ గాయపడ్డాడు కూడా. కాబట్టి అందులో ఆయుధాల కంటే తిరిగొచ్చిన మనిషి ఎక్కువ కనిపిస్తాడు. మార్వానో కూడా తుపాకులు, ఓడలు చక్కగా గీశాడు గానీ పేజీని వాటికి అప్పగించలేదు. నీ తొమ్మిది పేజీల్లో యంత్రం పెద్ద ప్యానెల్‌లో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాను, పదకొండు సార్లు. విలేకరి మొహం దగ్గరగా ఒక్కసారి కూడా లేదు.

హంద్రీ_ఒడ్డు

పదకొండా! నేను లెక్కపెట్టుకోలేదన్నా. నిజమే.

గుత్తి_జంక్షన్

నాకు ఇంకో ఐడియా. ఈ కథ ఎందుకన్నా, వెల్స్‌దే ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ తీసుకో, 1898ది. అంగారకుల వేడి కిరణం ఉంటుంది కదా. మన ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ రేంజ్‌లో 2025 ఏప్రిల్ 13న లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. వెల్స్ ఊహించింది మన కర్నూలు జిల్లాలో నిజమైంది. కామిక్ కూడా కర్నూలు నుంచే వస్తే ఎట్లుంటుంది! ఆ ఎర్ర కిరణం ఓర్వకల్లు రాళ్ల మీదుగా పోతుంటే కవర్ పేజీ అదిరిపోతుంది.

బుగ్గవంక (కడప)

గుత్తి తమ్ముడూ, ఉత్సాహం బాగుంది, కానీ అసలు చిక్కు ఆ ఎర్ర కిరణంలోనే ఉంది. వెల్స్ తన వేడి కిరణాన్ని కంటికి కనిపించనిదిగానే రాశాడు. చెట్లు భగ్గుమంటాయి, మనుషులు పడిపోతారు, మధ్యలో ఏమీ కనిపించదు. నిజమైన లేజర్ ఆయుధమూ అంతే, డ్రోన్ మీద ఒకే చోట వేడి కూడగట్టి దాన్ని కాలుస్తుంది, సినిమాలో లాగ గీత కనిపించదు. 1955లో క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ వాళ్లు ఆ నవలను కామిక్‌గా తెచ్చారు. అప్పటి నుంచి ఎవరు గీసినా కిరణం అనగానే గీత గీయాలనిపిస్తుంది, ఎందుకంటే చిత్రకారుడి చేతిలో ఉన్నది గీతే. కనిపించని దాన్ని గీయకుండా చూపించగలిగితే భయం పదింతలవుతుంది. గాలిలో ఏమీ లేదు, పక్కనున్న మనిషి లేడు. అది ఖాళీ ప్యానెల్‌తో చేయొచ్చు.

అయితే హంద్రీ ఎంచుకున్న కథే మంచిదని నా అభిప్రాయం. దాని మీద ఎవరూ పెద్దగా చెయ్యి వేయలేదు, పైగా చిన్న కథ, 32 పేజీల్లో ఊపిరి ఆడుతుంది.

ఇంకొకటి, ఎవరో అడిగేలోపు నేనే చెప్తాను. ‘ఫరెవర్ వార్’ తెలుగులో గీద్దామంటే అనుమతి కావాలి. వెల్స్ 1946లో చనిపోయారు, మన చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే 2007 నుంచి ఆయన రచనలు మన దేశంలో ఎవరైనా వాడుకోవచ్చు. కాబట్టి నువ్వు అచ్చు వేసి అమ్మినా ఏ టెన్షనూ లేదు.

హంద్రీ_ఒడ్డు

థాంక్స్ అక్కా. అచ్చు సంగతి భయంగానే ఉండింది, అది తీరిపోయింది.

నల్లరేగడి (ఆదోని)

నేను కామిక్స్ పెద్దగా చదవలేదు, మావాడు చూపిస్తే మీ పేజీలు చూశాను. ఒక మాట చెప్పాలనిపించింది. మీ ఇనుప బండి నేల మీద తేలుతున్నట్టుంది. అంత బరువు బండి నేలను నలిపెయ్యాలి కదా. నాది పత్తి పొలం, నల్లరేగడి. రెండు వానలు పడ్డాక ట్రాక్టర్ దించితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. టైరు తిరిగే కొద్దీ మట్టి దాన్ని అంటుకుని టైరు రెండింతలవుతుంది, తర్వాత బండి కడుపు మీద కూర్చుంటుంది, ఇంక ఇంజను ఎంత అరిచినా కదలదు. మీ కథలో బండి చక్రాల మీద వస్తుందా?

హంద్రీ_ఒడ్డు

అన్నా మీరు సరిగ్గా కథకు ప్రాణమున్న చోటే పట్టుకున్నారు. మామూలు చక్రాలు కావు. ఎనిమిది జతల పెద్ద చక్రాలు, ఒక్కొక్కటి పదడుగుల ఎత్తు, చక్రం చుట్టూ పాదాలు. పెడ్‌రైల్ అంటారు, అప్పట్లో డిప్లాక్ అనే ఇంజనీరు నిజంగా కనిపెట్టిన చక్రం అది, వెల్స్ అతని పేరు కథలోనే చెప్తాడు. కందకం దగ్గరికి వచ్చినప్పుడు యంత్రం కింద వేలాడే ఇనుప అంచును లంగా ఎత్తినట్టు ఎత్తుతుంది, కింద పాదాలు వరసగా బయటపడతాయి. ఏనుగు పాదాల్లాగ, గొంగళిపురుగు కాళ్లలాగ ఉన్నాయని రాశాడు.

నల్లరేగడి

అయితే ఏనుగునే చూడండి. గుడి ఏనుగు తడి నేల మీద నడిస్తే అడుగు పడినచోట మట్టి చుట్టూ గట్టులాగ లేస్తుంది. మీరు బండిని తక్కువ గీసి అది పోయాక నేల ఎట్లుందో గీయండి. వరసగా గుంటలు, నీళ్లు నిండినవి, ఒక గుంటలో టోపీ. మా పొలంలో అడవిపంది పోయిందని మాకు తెలిసేది పందిని చూసి కాదు.

పెన్న_ఇసుక

నల్లరేగడి అన్నా, మీరు కామిక్స్ చదవలేదంటే నమ్మను. ఆ గుంటలో టోపీ అనే ప్యానెల్ కోసం నేను పుస్తకం కొంటా.

మాజీ_హవల్దార్ (అనంతపురం)

నేను మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో పనిచేసి రిటైరయ్యాను. మా బండి బీఎంపీ-2. మనవాళ్లు దానికి శరత్ అని పేరు పెట్టారు, మెదక్ ఆయుధ కర్మాగారంలో, ఎద్దుమైలారంలో తయారయ్యేది. ముగ్గురు సిబ్బంది, వెనక ఏడుగురు జవాన్లు. మీ పేజీలన్నీ బయట నుంచి ఉన్నాయి నాయనా. లోపల కూర్చున్న వాడికి ఆ యంత్రం కనిపించదు. నేను ఏళ్ల తరబడి దాంట్లో తిరిగాను గానీ నా బండి నడుస్తుంటే ఎట్లుంటుందో ఫొటోల్లోనే చూశాను.

లోపల ఏముంటుందో చెప్తాను, పనికొస్తే వాడుకోండి. వెనక జవాన్లు వీపుకు వీపు పెట్టి కూర్చుంటారు, మొహం బయటి వైపు. ఎవడి ముందు వాడికి అరచేయంత అద్దం. లోకం మొత్తం ఆ అరచెయ్యే. మే నెలలో రాజస్థాన్ మహాజన్ రేంజ్‌లో లోపలి ఇనుము మీద చెయ్యి పెట్టలేం. డీజిలు వాసన, చెమట వాసన, పక్కవాడి మోకాలు. ఇంజను మోతకు మాట వినపడదు, భుజం తట్టి సైగ చేసుకోవాలి. గతుకు వస్తే హెల్మెట్ పైకప్పుకు కొట్టుకుంటుంది, అదొక్కటే బయట నేల ఎట్లుందో తెలిసే దారి. పక్కన కూర్చున్న వాడు నాకు నాలుగేళ్లు జోడీ, లోపల గడిపిన గంటల్లో అతని మొహం నేను చూసింది తక్కువ, భుజం వెచ్చదనమే గుర్తు.

మీ కథలో లోపలి మనుషులు ఉన్నారా? ఉంటే వాళ్లేం చూస్తున్నారు?

బుగ్గవంక

సార్, మీ ప్రశ్న చదివి కథ మళ్లీ తీశాను. ఉన్నారు. కథ మధ్యలో వెల్స్ విలేకరిని వదిలి కాసేపు యంత్రం లోపలికి పోతాడు. తుపాకీ పేల్చేవాళ్లు ఒక్కొక్కరూ చీకటి గదిలాంటి చిన్న పెట్టెలో కూర్చుంటారు. బయటి దృశ్యం కటకం గుండా వచ్చి వాళ్ల ముందు చిన్న బొమ్మగా పడుతుంది. ఆ బొమ్మ మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, రెండూ కలిసే చోట ఏముంటే దానికి గుండు తగులుతుంది. చేతిలో మన జామెట్రీ బాక్సులో డివైడర్ లాంటి పరికరం, బొమ్మలో మనిషి ఎంత ఎత్తు కనిపిస్తే అంత తెరవాలి, దాంతో దూరం లెక్క కుదురుతుంది. తర్వాత కాలింగ్ బెల్ నొక్కినట్టు ఒక బటన్ నొక్కడమే. ఇదంతా 1903లో! ఎక్కడో గదిలో కూర్చుని తెర చూస్తూ డ్రోన్ నడిపే మనిషిని ఆయన అప్పుడే రాసి పెట్టాడు.

హంద్రీ, ఇప్పుడు నువ్వు ఆలోచించు. ఆ పెట్టెలో పడే చిన్న బొమ్మ, నీ కామిక్ ప్యానెల్, రెండూ ఒకటే.

హంద్రీ_ఒడ్డు

అక్కా, రాత్రి ఇది చదివి నిద్ర పట్టలేదు.

పెన్న_ఇసుక

బుగ్గవంక గారు చెప్పినదానికి తోడు ఒకటి. ‘ఎండర్స్ గేమ్’ను 2008లో మార్వెల్ వాళ్లు కామిక్‌గా మొదలుపెట్టారు, స్క్రిప్టు క్రిస్టఫర్ యోస్ట్, బొమ్మలు పాస్కల్ ఫెర్రీ. నవల 1985ది, దానికి ముందు 1977లో చిన్న కథగా వచ్చింది. అందులో పిల్లల్ని యుద్ధానికి తయారుచేస్తారు, వాళ్లు తెర మీద ఓడల్ని నడుపుతారు. చదవని వాళ్ల కోసం చివరికి ఏమవుతుందో చెప్పను గానీ కథ బరువంతా తెర మీద కనిపించేది ఏమిటి అన్న దాని మీదే ఉంది. నవలలో రచయిత ‘తెర’ అని ఒక్క మాట రాసి తప్పుకోగలడు, చిత్రకారుడు ఆ తెరను గీయాల్సిందే. గీస్తే అబద్ధం చెప్పకూడదు, గుట్టూ విప్పకూడదు. నాకు ఆ కామిక్ అంతగా పట్టలేదు, రంగులు మెరుస్తూ ఉంటాయి, కుర్రవాడి తలలో నడిచే ఆలోచన మాత్రం నవలలో ఉన్నంత బలంగా రాలేదు. లోపలి మాట మీద నడిచే కథను బొమ్మల్లోకి తేవడం అంత కష్టం.

దానికి ఎదురుగా జపాన్ వాళ్ల ‘ఆల్ యూ నీడ్ ఈజ్ కిల్’ చూడండి. సకురజాకా నవల 2004, మాంగా, అంటే జపాన్ కామిక్, 2014, బొమ్మలు తకేషి ఒబాటా. అదే ఏడు టామ్ క్రూజ్ సినిమా కూడా వచ్చింది. సైనికుడు చచ్చిపోయిన ప్రతిసారీ ముందురోజు ఉదయం లేస్తాడు. ఎన్నోసారో మర్చిపోకుండా చేతి మీద అంకె రాసుకుంటాడు. మాంగాలో ఆ చెయ్యి, ఆ అంకె కనిపిస్తే చాలు, ఎన్ని చావులు గడిచాయో మనకు తెలిసిపోతుంది. ఒక్క మాట అక్కర్లేదు. నువ్వు అడిగిన మనిషి అక్కడ చేతి మీద ఉన్నాడు, మొహం మీద కూడా కాదు.

గుత్తి_జంక్షన్

మరి స్టార్‌షిప్ ట్రూపర్స్? అందరూ దాని గురించే చెప్తారు కదా.

పెన్న_ఇసుక

హైన్‌లైన్ నవల 1959, హ్యూగో వచ్చింది. నవలలో సైనికుడు తొడుక్కునే యంత్ర కవచమే ప్రధానం, దాంతో ఇళ్ల మీదుగా గెంతుతాడు. 1997 సినిమాలో ఆ కవచం తీసేశారు. అదే ఏడు డార్క్ హార్స్ వాళ్లు తెచ్చిన కామిక్ సినిమాకు అనుసరణ. కాబట్టి నవల చదివి కవచం కోసం కామిక్ తెరిచిన వాళ్లకు నిరాశే. ఒక విధంగా సినిమావాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది, కవచం వేస్తే నటుడి మొహం పోతుంది. మార్వానో దాన్ని ఎదుర్కొన్నాడు, సూట్లు వేసుకున్న వాళ్లను వేసుకున్నట్టే గీశాడు, ఎవరు ఎవరో మాటల్లో, నిలబడే తీరులో తెలిసింది.

గుత్తి_జంక్షన్

ఇంకో ప్రశ్న, కోప్పడొద్దు. ఈ కథను మన దగ్గరికి తెచ్చేస్తే? పల్లె సైన్యం అంటే సీమ రైతులు, పట్నం సైన్యం అంటే కంపెనీల వాళ్లు. మీసాలు, తలపాగాలు, నాపరాళ్లు, తుంగభద్ర ఒడ్డున కందకాలు. జనం ఎగబడి చదువుతారు.

నల్లరేగడి

దానికి నేను ఒప్పుకోను తమ్ముడూ. అట్లా చేస్తే రైతు ఓడిపోయే కథ అవుతుంది, వాడిని కొట్టి గెలిచినవాడు మా కొడుకే అవుతాడు.

హంద్రీ_ఒడ్డు

నల్లరేగడి అన్న ఒక్క వాక్యంలో చెప్పిన దాని గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోవద్దు.

నేను ఈ కథ ఎందుకు పట్టుకున్నానో ఇన్నాళ్లూ నాకే సరిగ్గా తెలియదు. మాది ఆలూరు వైపు పల్లె. మా నాయన ఎద్దుల్ని చూసి వాటి ఆరోగ్యం చెప్పేవాడు, చెయ్యి మట్టిలో పెట్టి పదును చెప్పేవాడు. ఆయనకు రానిది ఒక్కటే, కాగితం. నేను కర్నూలు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మౌసు పట్టుకుని బతుకుతున్నాను, పది నిమిషాలు ఎండలో నిలబడితే తలనొప్పి. ఊరికి పోతే మా చిన్నాయన నన్ను చూసి ‘పట్నం గాలికి బక్కచిక్కి పోయినావు’ అంటాడు, ప్రేమతోనే. కథలో లెఫ్టినెంటు పట్నం సైన్యం గురించి చెప్పే మాటలు చదువుతుంటే మా చిన్నాయన గొంతే వినిపిస్తుంది. కానీ యంత్రం లోపల బటన్ నొక్కే పిల్లవాడు నేను. రెండు వైపులా నా వాళ్లే ఉన్నారు. ఎవరు గెలిస్తే మనకేమి అని మా షాపు అన్న అడిగినప్పుడు నాకు జవాబు రాకపోవడానికి కారణం ఇదే. నేను రెండు వైపులా నిలబడి గీస్తున్నాను, అందుకే ఎవరి మొహమూ గీయలేక యంత్రం వెనక దాక్కున్నాను.

కథ చివర్లో పల్లె సైన్యం పట్టుబడుతుంది, విలేకరి కూడా ఖైదీ అవుతాడు. మనుషులకూ ఇనుప సామానుకూ జరిగిన యుద్ధం అన్నట్టుగా అతను ఒక శీర్షిక తలలో రాసుకుంటూ ఉంటాడు. అప్పుడు గెలిచిన యంత్రం పక్కన అయిదారుగురు కుర్రాళ్లు కనిపిస్తారు, నీలం పైజమాల్లో, సన్నగా, కాఫీ తాగుతూ బిస్కెట్లు తింటూ. వాళ్ల కళ్లలో, నిలబడే తీరులో మనిషితనం పోలేదని కూడా అతను గమనిస్తాడు. ఆ కుర్రాళ్లను నేను రాక్షసుల్లాగ గీయబోయాను. తప్పు. కథను ఇక్కడికి తేను, దాని నేల దానికే ఉంచుతాను, కానీ ఆ పైజమా కుర్రాళ్లు కాఫీ కప్పు పట్టుకునే తీరు మా షాపులో రాత్రి పది గంటలకు మేము పట్టుకునే తీరే.

మాజీ_హవల్దార్

ఇప్పుడు మీకు కథ దొరికింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పని అయ్యాక బండి దిగిన జవాను మొదట చేసేది నవ్వడమో ఏడవడమో కాదు, నడుం విరుచుకోవడం. తర్వాత నీళ్లో టీనో వెతుక్కోవడం. కాఫీ, బిస్కెట్ అని ఆ పెద్దమనిషి రాశాడంటే ఆయన మనుషుల్ని బాగా చూశాడు.

బుగ్గవంక

హంద్రీ, బాగా రాశావు. ఇప్పుడు పని మాటలు.

మొదటిది భాష. నీ పేజీల్లో ‘సైనిక పరిఖ’, ‘దూరదర్శిని’ అని ఉన్నాయి. కందకం చాలు, బైనాక్యులర్ చాలు. లెఫ్టినెంటు పల్లెవాడు కాబట్టి అతనికి కొంచెం సీమ మాట ఇవ్వు, విలేకరికి పత్రిక భాష. ఇద్దరూ పక్కపక్కన బోర్లా పడుకుని శత్రువు వైపు చూసే మొదటి పేజీలోనే ఆ తేడా తెలియాలి.

రెండోది అక్షరాలు. మాటలు రాసే బుడగలకు ఇంగ్లీషు కామిక్ కొలతలు తీసుకున్నావు, అందుకే ఇరుకు. వాళ్లవి అన్నీ పెద్దక్షరాలు, ఒకే ఎత్తు. మనకు పైన గుడి, కింద ఒత్తు, రెండు వరసల మధ్య చోటు వదలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. ఆరో పేజీలో ‘ఉత్కంఠ’ చదవడానికి నాకు కళ్లద్దాలు మార్చాల్సి వచ్చింది. బుడగను నిలువుగా పెంచు, మాటలు తగ్గించు.

ఒక చిన్న సంగతి కూడా. చందమామను 1947 జులైలో మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి గారిది మా కడప జిల్లా పొట్టిపాడు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ పాత సంచికల కట్టలు ఉండేవి. అందులో బొమ్మలు వేసిన ‘చిత్ర’ గారి బొమ్మల్లో రాక్షసుడు ఎంత పెద్దవాడైనా పేజీలో ఒక మూల చిన్న మనిషి ఉండేవాడు, రాక్షసుడి సైజు మనకు తెలిసేది ఆ మనిషి వల్లే. నీ యంత్రానికీ అదే కావాలి.

హంద్రీ_ఒడ్డు

అక్షరాలు షాపు అలవాటు ప్రకారం ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పెట్టానక్కా, ఫ్లెక్సీకి బాగుంటాయి, ఇంత చిన్న సైజులో ఒత్తులు మూసుకుపోతున్నాయి. బుడగల్లో మాటలు చేత్తోనే రాస్తాను, నా చేతిరాత ఫర్వాలేదు.

శబ్దాల సంగతి కూడా చెప్పండి. యంత్రం వచ్చేటప్పుడు ఏం రాయాలి? ‘గడగడ’ అంటే ఎద్దుల బండి అనిపిస్తోంది.

నల్లరేగడి

దూరం నుంచి రాత్రిపూట పెద్ద మిషను వస్తుంటే చెవికి ముందు తెలియదు, నేలకు తెలుస్తుంది. మంచం కోడు వణుకుతుంది, చెంబులో నీళ్లు కదులుతాయి. మొదట శబ్దం రాయకండి.

గుత్తి_జంక్షన్

తర్వాత ‘ధమ్... ధమ్...’ పెట్టు అన్నా. పాదాలు కదా, చక్రం కాదు. ఒక్కో అడుగుకు ఒకటి. ప్యానెల్ ప్యానెల్‌కు అక్షరం పెద్దదవుతూ రావాలి.

పెన్న_ఇసుక

గుత్తి తమ్ముడు ఇప్పుడు నిజమైన ఎడిటర్‌లాగ మాట్లాడాడు.

హంద్రీ_ఒడ్డు (మూడు వారాల తర్వాత)

ఆలస్యమైంది, పెళ్లిళ్ల సీజను, షాపులో ఊపిరాడలేదు. తొమ్మిది పేజీల్లో ఆరు పక్కన పెట్టేసి మళ్లీ గీశాను. కొత్తవి, ఇంకో మూడు కలిపి, మొత్తం పెట్టాను చూడండి.

అయిదో పేజీ: తెల్లవారుజాము. శబ్దం లేదు. విలేకరి పక్కన టిన్ను కప్పులో కాఫీ, పై పొర మీద వలయాలు. మూడు ప్యానెళ్లు అదే కప్పు. నాలుగో దాంట్లో లెఫ్టినెంటు చెయ్యి కప్పు మీదికి వస్తుంది, కదలకుండా పట్టుకుందామని. అతని మొహం అప్పుడే మొదటిసారి దగ్గరగా.

ఆరు, ఏడు: యంత్రం పూర్తిగా ఎక్కడా లేదు. మసకలో ఒక అంచు, తర్వాత ఎత్తిన ఇనుప లంగా, కింద పాదాలు. ఎనిమిదిలో అది పోయాక నేల, నీళ్లు నిండిన గుంటలు, టోపీ. అన్నా, టోపీ మీదే.

పదకొండో పేజీ కోసమే ఇంత రాస్తున్నాను. పేజీ మొత్తం ఒకే సైజు పన్నెండు ప్యానెళ్లు. ప్రతి దాంట్లో సన్నగా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. ఎక్కడా లోపలి కుర్రవాడు లేడు, అతను చూసే చిన్న బొమ్మలు మాత్రమే. పరుగెత్తే మనిషి, గుర్రం, మళ్లీ మనిషి. డివైడర్ మొనలు మనిషి తలకూ పాదాలకూ ఆనుకుంటాయి. శబ్దం లేదు, రక్తం లేదు, తర్వాతి ప్యానెల్‌లో ఆ మనిషి ఉండడు. పదో ప్యానెల్‌లో గీతలు కలిసే చోట లెఫ్టినెంటు. మనం అతన్ని మొదటి పేజీ నుంచి చూస్తున్నాం కాబట్టి గుర్తుపడతాం, కుర్రవాడికి అతనెవరో తెలియదు. పదకొండోది ఖాళీ గీతలు. పన్నెండోది బటన్ మీద వేలు, గోరు కొరికి ఉంటుంది. ఆ వేలు నాదే, ఎడమ చెయ్యి చూసుకుంటూ గీశాను. లెఫ్టినెంటు అలా పోవడం కథలో లేదు, అది నేను కలిపాను. తప్పంటే చెప్పండి, తీసేస్తాను.

మాజీ_హవల్దార్

తీయొద్దు.

పెన్న_ఇసుక

తీయొద్దు తమ్ముడూ. కానీ వెనక అట్ట మీద ‘వెల్స్ కథ ఆధారంగా’ అని రాయి, కథలో లేనిది కలిపావని చదివేవాడికి తెలియాలి.

బుగ్గవంక

తీయొద్దు. పదో ప్యానెల్‌లో గీతలు కొంచెం సన్నబడాలి, మొహం మీద పడి కళ్లు కనిపించట్లేదు. పన్నెండో పేజీలో ‘యంత్రాధికారి’ తీసేసి కెప్టెన్ అని పెట్టు.

నల్లరేగడి

టోపీ చూశాను. ఆ గుంటల చుట్టూ మట్టి గట్టు సరిగ్గా లేచింది. మావాడు అడుగుతున్నాడు, పుస్తకం అయ్యాక ఆదోనిలో దొరుకుతుందా అని.

హంద్రీ_ఒడ్డు

మీ వాడికి మొదటి కాపీ నేనే తెచ్చిస్తానన్నా, బస్సులో రెండు గంటలే కదా. అక్కా, గీతలు ఇప్పుడే సన్నం చేస్తున్నాను. ఆదివారం షాపు సెలవు, పదమూడో పేజీ మొదలుపెడతాను. హవల్దార్ సార్, లోపల ఇద్దరు వీపుకు వీపు పెట్టి కూర్చునే బొమ్మ ఒకటి కావాలి, భుజాలు ఏ ఎత్తులో ఆనుతాయో, తల వెనక్కి వాలుస్తారో లేదో కొంచెం చెప్పగలరా?

మాజీ_హవల్దార్

ఆదివారం ఉదయం ఫోన్ కలపండి నాయనా, మా మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలో చూపిస్తాను. తల వాల్చరు. వాలిస్తే పక్కవాడికి తగులుతుంది.